వచనంలో ఏడవకూడని ఇల్లు

మొన్న పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ వైపు వెళుతుంటే రోడ్డు మీద బండ్లన్నీ నిలిచిపోయాయి. ముందెక్కడో ఒక పెద్ద లారీ అడ్డం తిరిగిందట. కారులో మా ఆయన వైపు మేనల్లుడు, డ్రైవరు, నేను. మేనల్లుడు మొదట హారన్ కొట్టించాడు, తరవాత ప్రభుత్వాన్ని తిట్టాడు, ఆ తరవాత ఫోను తీసి ఎవరికో ఆ తిట్లనే టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం నోట్లోంచి "తందాన తాన" వచ్చేసింది. ఈ వయసు ఆడమనిషి వెనక సీట్లో కూర్చుని ఒళ్లోని సంచీ మీద దరువేస్తూ లారీ మీద కథ కడుతుంటే డ్రైవరు అద్దంలో చూసి జడుసుకున్నాడు. "అత్తా, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు మేనల్లుడు. బాగానే ఉంది నాయనా, ఇది మా ఇంటి రోగం, మా నాన్న నుంచి వచ్చింది, దీనికి మందు లేదు, అక్కర్లేదు కూడా అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఇది వాడి కోసమే రాస్తున్నాను, వాడు చదవడని తెలిసి కూడా.

మా నాన్నది తెనాలి పక్కన పల్లెటూరు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి బుర్రకథ దళం వెంట ఊళ్లు పట్టుకు తిరిగాడు. కథకుడు కావాలని ఆయన కోరిక. గొంతు బాగానే ఉండేది గానీ ఒళ్లే సహకరించలేదు. సన్నగా, పొడుగ్గా, ఎక్కడికక్కడ కీళ్లు బయటపడి ఉండే మనిషి. "నువ్వు గెంతుతుంటే కాలి గజ్జెల కంటే నీ మోకాళ్లే ఎక్కువ చప్పుడు చేస్తున్నాయిరా" అని దళం పెద్దాయన ఇంటికి పంపేశాడట. ఈ సంగతి మాకు ఎవరో చెప్పలేదు, నాన్నే చెప్పుకునేవాడు, అదీ అభినయంతో. ఆ తరవాత బుద్ధిగా పని నేర్చుకుని ఫిట్టరయ్యాడు. హైదరాబాదు అవతల ప్రభుత్వం వారు పెద్ద ఫ్యాక్టరీ పెడుతున్నారు, పని తెలిసిన మనుషులు కావాలంటున్నారు అని ఎవరో చెబితే పెట్టె సర్దుకుని వచ్చేశాడు. ఉద్యోగమైతే దొరికింది గానీ ఉండటానికి క్వార్టరు దొరకలేదు. పటాన్‌చెరు బజారులో మాణెమ్మగారి ఇంటి వెనక భాగం కిరాయికి తీసుకుని మమ్మల్ని రప్పించాడు. అమ్మ, నాన్నమ్మ, నేను ట్రంకు పెట్టెలతో, ఊరగాయ జాడీలతో, దారిలో పగిలిన ఒక గోంగూర జాడీ వాసనతో సహా దిగాం.

మాణెమ్మగారిది వర్తకుల కుటుంబం. భర్త పోయాక కిరాణా దుకాణం ఆవిడే నడిపేది. రోడ్డు వైపు దుకాణం, దాని వెనక ఆవిడ ఉండే గదులు, మధ్యలో బావి ఉన్న వాకిలి, వాకిలి అవతల మేము. మా బతుకంతా ఆ దుకాణం వాసనలోనే గడిచింది. చింతపండు బస్తాలు, బెల్లం, ఎండుమిరపకాయలు, కిరసనాయిలు డబ్బా, గోనెపట్టల దుమ్ము, అన్నీ కలిసి గాలి వాలును బట్టి మా వంటింట్లోకి వచ్చేవి. పొద్దున్నే మాణెమ్మగారు జొన్నరొట్టెలు చరుస్తుంటే ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఆవిడకు ఒక్కడే కొడుకు, వీరేశం. బొంతపల్లి వీరభద్రస్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టుకుంది. నాకంటే అయిదారేళ్లు పెద్దవాడు, తలవంచుకుని పని చేసుకునే రకం. మాణెమ్మగారు కూడా మాట పొదుపు. నవ్వు మరీ పొదుపు. దుకాణానికి వచ్చినవాళ్లతో ఎంత మాట్లాడాలో అంతే మాట్లాడేది, అందుకే మొదట్లో ఆవిడంటే నాకు భయంగా ఉండేది.

కొత్త ఊరు, కొత్త నీళ్లు. ఆ నీళ్లే మా కొంప ముంచాయి. బావి నీళ్లలో ఎంతసేపు పెట్టినా కందిపప్పు ఉడికేది కాదు. నాన్నమ్మ పొయ్యి దగ్గర కూర్చుని గరిటెతో పప్పును పొడిచి పొడిచి అలిసిపోయేది. నాన్న అమ్మకు కొనిచ్చిన కిరసనాయిలు స్టవ్వు ఒకరోజు వెలిగితే ఒకరోజు పొగ చిమ్మేది. బొంబాయి రోడ్డు మీద లారీలు లేపిన ఎర్రదుమ్ము ఆరేసిన బట్టలన్నిటి మీదా పడేది. బళ్లో పిల్లలు నా మాట విని నవ్వేవాళ్లు. ఇక నాన్న షిఫ్టు బస్సు సంగతి చెప్పక్కర్లేదు. ఒకనాటి సాయంత్రం నాన్న ఇంట్లో అడుగు పెట్టీ పెట్టగానే ముగ్గురం మూడు వైపుల నుంచి అందుకున్నాం. చేతుల గ్రీజు కూడా కడుక్కోలేదు పాపం. గుమ్మంలోనే నిలబడి భుజం మీది తువ్వాలు తీసి తలకు చుట్టాడు.

"ఆగండి. ఈ ఇంట్లో ఇకమీదట ఎవరూ వచనంలో ఏడవకూడదు. ఏడవదలుచుకున్నవాళ్లు కథ కట్టి ఏడవాలి" అన్నాడు.

"నీ మొహం! పప్పు ఉడక్కపోతే కథేంట్రా?" అంది నాన్నమ్మ.

"ఆ పప్పు కథే చెప్పమ్మా. నేను తందాన అంటాను."

నాన్నమ్మ నిజంగానే లేచింది. మా నాన్న అల్లరి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆరోజే తెలిసింది. కొంగు నడుముకు బిగించి, రాగి చెంబు బోర్లించి దాని మీద వేళ్లతో దరువు వేస్తూ మొదలుపెట్టింది. "పటాన్‌చెరు బావి నీళ్లలో పడిందండీ కందిపప్పు, తందాన తాన. పొద్దున పెడితే మాపటికైనా పట్టు విడవదీ కందిపప్పు, తందాన తాన. ఈ పప్పుకున్న పట్టుదలే నా కొడుక్కుంటే, తందాన తాన, ఈపాటికి ఫోర్‌మనయ్యేవాడు, తందాన తాన." చివరి మాటకు నాన్న తందాన అనలేక నవ్వుతో దగ్గాడు. ఆ రాత్రి మేం ఉడకని పప్పే తిన్నాం. నవ్వి నవ్వి ఆకలిగా ఉన్నాం కాబట్టి అది బాగానే ఉంది.

ఆ గోల విని మాణెమ్మగారు చేతిలో అట్లకాడతోనే వాకిలి దాటి వచ్చింది. "ఏమైంది సుశీలా? మీవోళ్లు ఎవలన్న వొయిన్రా?" అని అమ్మను అడిగింది. ఎవరూ పోలేదండీ, పప్పు ఉడకలేదు అని అమ్మ సిగ్గుపడుతూ చెప్పింది. మాణెమ్మగారు మమ్మల్ని అందరినీ ఒకసారి కలయజూసింది. తలకు తువ్వాలు చుట్టుకున్న మా నాన్నను ఇంకాస్త ఎక్కువసేపు చూసింది. "పప్పుడుకకుంటె గింత లొల్లా? గీ బాయి నీళ్లల్ల ఉడకది. చెరువు కింది బాయి నీళ్లు తెచ్చి పొయ్యాలె. ముందుగాల అడిగితె చెప్పకపోదునా?" అని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్న మా గుమ్మంలో ఒక బిందెడు మంచినీళ్లు ఉన్నాయి. ఆ తరవాత రోజూ ఉండేవి.

అలా మొదలైన ఆచారం మా ఇంట్లో అన్నం తినడమంత మామూలైపోయింది. సాయంత్రం దీపాలు పెట్టాక వరండాలో చేరేవాళ్లం. ఎవరికి ఏడుపుంటే వాళ్లు మధ్యలో నిలబడి కథకుడు కావాలి. నాన్నమ్మ చెంబు ఆవిడకే సొంతం. బుర్రకథలో కుడివైపు వంత నిలదీసే ప్రశ్నలు అడుగుతాడు, ఎడమవైపు వంత హాస్యం చెబుతాడు. మా ఇంట్లో కుడివైపు అమ్మ, ఎడమవైపు నేను. నాన్న దీనికి నియమాలు కూడా పెట్టాడు. కథ చెప్పేవాడు అందరికంటే పెద్ద వెర్రివాడుగా తననే చూపించుకోవాలి. ఎదురుగా లేని మనిషి మీద కథ కట్టకూడదు, ఒకరి మీద ఏడుపుంటే ఆ మనిషిని కూర్చోబెట్టి, వినబడేట్టు చెప్పాలి. అన్నిటికంటే కష్టమైనది ఇంకొకటి, కథ నడుస్తుండగా వినేవాడు వాదించకూడదు, తన మీదే చెప్పినా సరే తందాన అనాల్సిందే. అమ్మ మొదట్లో పెదవి విప్పేది కాదు. ఒకరోజు నాన్న ఎదుటే "నెలకో చీర తెస్తానని చెప్పి స్టవ్వు తెచ్చిన మగడి కథ" చెప్పింది. నాన్న ప్రతి పాదానికీ బుద్ధిగా తందాన అన్నాడు. మర్నాడు స్టవ్వు విప్పి, వత్తులన్నీ మార్చి, తోమి పెట్టాడు. చీర సంగతి మాత్రం కథలోనే ఉండిపోయింది.

నాన్న కథల్లోకెల్లా గొప్పది బస్సు కథ. షిఫ్టు బస్సు ఎత్తు మీద ఆగిపోయేది. పనివాళ్లంతా దిగి తోస్తే గానీ కదిలేది కాదు. "మేము బస్సెక్కి ఫ్యాక్టరీకి పోతున్నామా, బస్సును మోసుకుని ఫ్యాక్టరీకి పోతున్నామా" అని నాన్న పొడుగు కాళ్లు ముందుకొకటి వెనక్కొకటి చాపి, లేని బస్సును తోస్తూ వరండా ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేవాడు. ఆయనతో పనిచేసే బీహారు వాళ్లూ, మద్రాసు వాళ్లూ, హైదరాబాదు సాయిబులూ తలొక భాషలో బస్సును బతిమాలేది కూడా చేసి చూపించేవాడు. వాళ్లలో అందరికంటే గట్టిగా తోసినవాడికే బస్సెక్కే వీలు చిక్కక వెనక పరిగెత్తాల్సి వచ్చేదట. అది ఎవరని నేను అడిగేదాన్ని, ఇంకెవరు, నేనే అనేవాడు. నిజానికి ఆయనకు ఆ బస్సు వల్ల ఎన్నోసార్లు ఆలస్యమై మాట పడాల్సి వచ్చిందని, ఇంటికొచ్చేసరికి మడమలు వాచి ఉండేవని అమ్మ నాకు చాలా ఏళ్ల తరవాత చెప్పింది. మాకు మాత్రం ఆ మడమలు ఎప్పుడూ కనబడలేదు.

మాణెమ్మగారు తన గుమ్మం దగ్గర చాట పట్టుకుని కూర్చునేది. మా వైపు తిరిగి కాదు, పక్కకు తిరిగి. జొన్నలు చెరుగుతూ వింటున్నట్టు కనబడకుండా వినేది. నవ్వేది కాదు గానీ మంచి చోటు వచ్చినప్పుడు చాట ఆగిపోయేది. నాన్న ఆ ఆగిన చాటను చూసుకుని మురిసిపోయేవాడు. "మాణెమ్మగారూ, మీరూ ఒక కథ చెప్పకూడదూ?" అని పిలిచేవాడు. "నాకేం కతలొస్తయ్ సారూ, నాకు తూకం తప్ప ఏమస్తది?" అనేది. వీరేశం మాత్రం మా వరండాకే వచ్చి కూర్చునేవాడు. సంగారెడ్డిలో హైస్కూలు పూర్తి చేసి, హైదరాబాదులో ఐటీఐలో టర్నరు పని నేర్చుకున్నాడు. అతని చెయ్యి చూసి నాన్న "పనివాడి చెయ్యిరా నీది" అని మెచ్చుకునేవాడు. ఆ పిల్లవాడు తక్కెడ పట్టుకునే బతుకు వద్దనుకున్నాడు. మా నాన్న లాగా నీలం బట్టలు వేసుకుని షిఫ్టుకు పోవాలని అతని ఆశ. మాణెమ్మగారి ఆశ కూడా అదే. ఫ్యాక్టరీలో కొత్తవాళ్లను తీసుకుంటున్నారని తెలిసి వీరేశం పరీక్షకు వెళ్లిన రోజున ఆవిడ దుకాణం మూసేసి బొంతపల్లి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. దుకాణం మూయడం నేను చూడటం అదే మొదలు.

వీరేశాన్ని తీసుకోలేదు. తీసుకున్నవాళ్లలో మా వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. అదే రోజుల్లో ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్లకు కావాలని జనం రోడ్ల మీదికి వచ్చారు. బళ్లు మూతపడ్డాయి. బస్సులు ఆగాయి. మా బజారులో కూడా గుంపులు గుంపులుగా నిలబడి మాట్లాడుకునేవాళ్లు, మేం వెళితే మాట ఆపేసేవాళ్లు. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు, అది నేను రాసి తీరాలి. అయినా నాన్న భయపడ్డాడు. "కొన్నాళ్లు మనం గొంతెత్తకుండా ఉందాం. ఇంట్లో దరువులూ పాటలూ వద్దు. వాళ్ల పిల్లవాడు ఉద్యోగం రాక కుములుతుంటే మనం నవ్వుతున్నట్టు ఉంటుంది" అన్నాడు. మాట న్యాయమైనదే. నాన్నమ్మ చెంబు తీసుకుపోయి బియ్యం డబ్బాలో పెట్టింది.

వచనంలో ఏడవడం ఎంత చెడ్డదో మాకు అప్పుడు తెలిసింది. అవే నీళ్లు, అదే స్టవ్వు, అదే దుమ్ము. కథ కట్టినన్నాళ్లూ అవి మా ఇంట్లో మనుషుల్లా తిరిగాయి. కథ మానేశాక ఒక్కొక్కటీ ఒక్కో పోట్లాట అయింది. పప్పులో ఉప్పు ఎక్కువైందని నాన్నమ్మ అంటే, నేను చేసిందేదీ మీకు నచ్చదు అని అమ్మ ఏడ్చింది. స్టవ్వు పొగ చిమ్మితే, నాలుగు రోజులకోసారి దీన్ని విప్పడమే నా పనా అని నాన్న కేక పెట్టాడు. ఆయన గొంతులో ఆ కేక నేను ఎన్నడూ వినలేదు. మాణెమ్మగారు పొద్దున్నే వాకిట్లోకి వచ్చి నీళ్లు తోడుకుని పోయేది. అమ్మ పలకరిస్తే తల ఊపి వెళ్లిపోయేది. చాట పట్టుకుని గుమ్మంలో కూర్చోవడం మానేసింది. వీరేశం మా వరండా వైపు చూసేవాడు కాదు. మా గుమ్మంలోకి చెరువు కింది బావి నీళ్లు రావడం మాత్రం ఆగలేదు. ఆ బిందె చూస్తే అమ్మకు ఇంకా ఏడుపొచ్చేది.

"పదండిరా మన ఊరు. ఇక్కడ మనకేం ఉంది?" అని నాన్నమ్మ రోజూ అనడం మొదలుపెట్టింది. నాన్న కొన్నాళ్లకు ఊఁ అన్నాడు. సెలవు పెట్టి మమ్మల్ని తెనాలిలో దింపి, అక్కడే ఏదైనా మిల్లులో పని చూసుకుంటానన్నాడు. మంచి పని, నెల తిరిగితే జీతం, నేర్చుకున్న విద్య, అన్నీ వదులుకుని. అమ్మకు ఇష్టం లేదు. ఆవిడకు ఈ ఊరు పట్టుబడింది, రొట్టెలు చరచడం కూడా వచ్చింది. నాకైతే ఆ బళ్లో ఇప్పుడిప్పుడే స్నేహితులు కుదిరారు. కానీ ఆ ఇంట్లో మా మాట చెప్పుకునే పద్ధతే పోయింది కదా, ఎలా చెబుతాం?

పరుపులు చుట్టి, ట్రంకు పెట్టెకు తాడు బిగిస్తున్న సాయంత్రం. అమ్మ అప్పుడే దీపం పెట్టింది. మాణెమ్మగారు వాకిలి దాటి వచ్చింది. ఎప్పుడూ కింద మెట్టు దగ్గరే ఆగే మనిషి నేరుగా వరండా ఎక్కింది. కొంగు నడుముకు బిగించి ఉంది. తన గుమ్మంలో వీరేశం నిలబడి చూస్తున్నాడు.

"సారూ, గా తాడు ఇడ్సి నిలవడు" అంది.

నాన్న లేచి నిలబడ్డాడు. గొడవ పెట్టుకోవడానికే వచ్చిందనుకున్నాం. అమ్మ నన్ను వెనక్కి లాక్కుంది.

"నీ ఇంట్ల కాయిదా ఏంది? ఏడ్పుంటె కత కట్టాలె. మనిషి ముంగట ఉండంగ చెప్పాలె. ఇనెటోడు నడుమ మాట్లాడద్దు, తందాన అనాలె. గంతేగద? ఇన్నేండ్ల సంది గా గుమ్మంల కూసొని ఇన్న. ఇయ్యాల నాకు ఏడ్పున్నది. చెప్త. పెద్దమ్మా, నీ చెంబేది?"

నాన్నమ్మ లోపలికి వెళ్లి బియ్యం డబ్బాలోంచి చెంబు తెచ్చింది. బోర్లించి దరువు అందుకుంది. మాణెమ్మగారికి మా బుర్రకథ వరస రాదు. ఆవిడ తనకు వచ్చిన వరసే ఎత్తుకుంది. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనకుండా "లాభం" అంటారు, తరవాత రెండు, మూడు అని పాటలాగా సాగదీస్తారు. ఆవిడ దుకాణంలో రోజంతా వినబడే రాగం అది. నిలబడి, చేత్తో లేని మానికను ముంచి పోస్తున్నట్టు ఆడిస్తూ మొదలుపెట్టింది.

"లాభం... కొడుకును గన్న. తందాన అను సారూ."

"తందాన తాన" అన్నాడు నాన్న.

"రెండు... సంగారెడ్డిల సదివిపిచ్చిన, పట్నంల పని నేర్పిచ్చిన."

"తందాన తాన."

"మూడు... నేనెంత పిచ్చిదాన్నంటే, ఇగ నాకేం రంది, కొలువు మా ఇంట్లనే కిరాయికున్నదని సంబురపడ్డ."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తననే వెర్రిదాన్ని చేసుకోవాలన్న నియమం కూడా ఆవిడ మరిచిపోలేదు. నాన్న తందాన అన్నాడు.

"నాలుగు... బోర్డు మీద పేర్లేసిన్రు. పిలగాడు పొద్దంత నిలవడి సదివిండు. మీదికెల్లి కిందికి సదివిండు, కిందికెల్లి మీదికి సదివిండు. గా పేర్లల్ల మా ఊరోని పేరు ఒక్కటన్న లేకపాయె."

ఈసారి నాన్న తందాన మరిచి గుమ్మంలోని వీరేశం వైపు చూశాడు. నాన్నమ్మ దరువు ఆపింది.

"అనాలె సారూ. అనకుంటె నీ కాయిదా నువ్వే తప్పినట్టు."

"తందాన తాన" అన్నాడు నాన్న, నేల చూస్తూ.

"ఐదు... నా దుకాణంల ముందుగాల వచ్చినోనికి ముందుగాల తూకమేస్త. ఎవ్వడైతేంది. గది న్యాయం. మీ కంపెనిల న్యాయమేంది? ఈన్నే పుట్టినోడు ఎన్కకు నిలవడాల్నా? మొన్న దిగినోడు ముంగట నిలవడాల్నా? గా తక్కెడ వట్టినోడెవడు?"

ఆవిడ కళ్లలో నీళ్లు లేవు. నాన్న కళ్లలో ఉన్నాయి. మాణెమ్మగారు నా వైపు తిరిగింది. కథ మరీ బరువెక్కినప్పుడు ఎడమవైపు వంత అందుకోవాలి, అది నా వంతు. ఆవిడకు అదీ తెలుసు. చూసీ చూసీ "ఏం బిడ్డా, నువ్వేమనవా?" అంది.

నాకు ఏం తోచిందో అదే అన్నాను. "మరి మాణెమ్మ పెద్దమ్మా, తక్కెడ పట్టుకుంది మా నాన్న కాదు కదా. ఫ్యాక్టరీలో మా నాన్నకు బస్సు తోసే పనే ఇచ్చారు."

మాణెమ్మగారు నవ్వింది. అన్నేళ్లూ చాట వెనక దాచుకున్న నవ్వంతా ఒక్కసారి బయటపడ్డట్టు, పొట్ట పట్టుకుని, వరండా స్తంభానికి ఆనుకుని మరీ నవ్వింది. "నిజమే బిడ్డా! బస్సు నూకెటోనికి తక్కెడ ఎవలిస్తరు?" అంది. నాన్నమ్మ నవ్వింది, అమ్మ నవ్వింది, నాన్న కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. అవతల గుమ్మంలో వీరేశం కూడా నవ్వు కనబడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు. కాసేపటికి మాణెమ్మగారు తేరుకుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"నవ్విన గని, నా ఏడ్పు ఒడ్వలే" అంది, మామూలు గొంతుతో. "ఇంక మస్తున్నది. మూటలిప్పు సారూ. ఎదురుంగ లేనోని మీద కత చెప్పద్దని నువ్వే అంటివి. నువ్వు వోతె నేనెవని ముంగట ఏడ్వాలె?"

కథ నడుస్తుండగా వినేవాడు తందాన తప్ప ఇంకో మాట అనకూడదు. మా నాన్న ఆ నియమం ఆరోజు ఒక్కసారే తప్పాడు.

"ఉంటానక్కా" అన్నాడు.

అప్పటిదాకా ఆయనకు ఆవిడ మాణెమ్మగారు. ఆవిడకు ఆయన సారు. "ఉండు మరి తమ్మీ. మల్ల వారం చెప్త, తయారుండు" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. చెప్పింది కూడా. ఆ వారమే కాదు, తరవాత ఎన్నో వారాలు చెప్పింది. ఒక్కోసారి ఫ్యాక్టరీ మీద, ఒక్కోసారి మంత్రుల మీద చెప్పబోయి వాళ్లు ఎదురుగా లేరు కదా అని నాన్ననే మంత్రిగా కూర్చోబెట్టి చెప్పేది. నాన్న తలకు తువ్వాలు చుట్టుకుని మంత్రిగారిలా కూర్చుని అన్నిటికీ తందాన అనేవాడు. తన సెక్షన్‌లో వాళ్లందరినీ కూడగట్టి పైవాళ్ల దగ్గరకు వెళ్లి, ఇక్కడి పిల్లలను ఎందుకు తీసుకోరని అడిగాడు. ఆ తక్కెడ మాట అక్కడా అడిగాడట. దానివల్ల ఏమీ జరగలేదు. వీరేశానికి మా నాన్న ఫ్యాక్టరీలో ఉద్యోగం రానే లేదు. కొన్నేళ్లకు చుట్టూ చిన్న ఫ్యాక్టరీలు మొలిచాక వాటిల్లో ఒకదాంట్లో టర్నరయ్యాడు. మొదటి జీతం అందుకున్న సాయంత్రం మా వరండాలో మొదటిసారి తను నిలబడి కథ చెప్పాడు. ఆ కథలో పెద్ద వెర్రివాడు తనే, తల్లి కాదు, మా నాన్న కాదు. చాట పట్టుకున్న చెయ్యి ఆగిపోయి మాణెమ్మగారు కొడుకునే చూస్తూ కూర్చుంది.

నవ్వితే బాధలు పోతాయని చాలామంది రాస్తుంటారు. పోవు. మా పప్పు నాన్నమ్మ కథ చెప్పినందుకు ఉడకలేదు, మాణెమ్మ పెద్దమ్మ పంపిన నీళ్లతో ఉడికింది. ఆవిడ అడిగిన ప్రశ్నకు ఇన్నేళ్లలో జవాబు చెప్పినవాణ్ని నేను చూడలేదు. కానీ మా వరండాలోని ఆ నవ్వు వల్లనే ఆవిడ ఆ ప్రశ్న మా నాన్న మొహం మీద అడగగలిగింది, అడిగాక కూడా మా గుమ్మంలో నీళ్ల బిందె పెట్టగలిగింది. ఇప్పుడు నవ్వు తక్కువేం కాదు. మా మేనల్లుడి ఫోను నిండా నవ్వే. కాకపోతే ఆ నవ్వు ఎవరి మీదో వాళ్లు ఆ గదిలో ఉండరు, నవ్వేవాడు ఎప్పుడూ తెలివైనవాడే, వెర్రివాడు ఎప్పుడూ ఇంకొకడే. మా వరండాలో అది చెల్లేది కాదు. మేం గొప్ప ఇంట్లో పుట్టలేదు, మా నాన్న ఫోర్‌మన్ కూడా కాలేదు. అయినా ఎదుటి మనిషి తనను తిట్టడానికి తన ఇంటి వరండాలో చోటిచ్చి, దానికి తాళం వేసి, తందాన అన్న మనిషి కడుపున పుట్టానని నాకు చాలా గర్వం. ఆ గర్వం దాచుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు.

నాన్న ఉద్యోగం అయిపోయాక కూడా తెనాలి తిరిగి వెళ్లలేదు. మా వైపు చుట్టాలు వచ్చినప్పుడల్లా, సొంత ఊరు వదిలి ఇంకా ఇక్కడెందుకున్నావని అడిగేవాళ్లు. ఆయన ఒకటే జవాబు చెప్పేవాడు.

"మా అక్క వెళ్లనివ్వలేదు."